బావ పేటెంట్లు, నా పాట్లు

మా బావది ఒకటే గుణం. ఒకసారి పట్టిన రంగాన్ని మళ్ళీ పట్టడు. పరుపులూ దిండ్ల రంగంలో పేటెంటు రాగానే వాటికో నమస్కారం పెట్టి వంటసామాను మీద పడ్డాడు. అక్కడొకటి రాగానే కరెంటు సామాన్లకి మళ్ళాడు. అక్కణ్ణుంచి టోపీలు. ఒక్క రంగంలో కుదురుగా ఉండి ఉంటే ఈపాటికి మహానుభావుడయ్యేవాడని తెలిసినవాళ్ళంతా అనేవారు. పేటెంట్ల ఆఫీసులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. "కలగూరగంప మాస్టారొచ్చారు" అంటే మాత్రం గుమస్తా దగ్గర్నుంచి పెద్ద ఆఫీసరు దాకా కుర్చీల్లోంచి లేచేవారు. గౌరవంతో కాదు, కూర్చుని నవ్వితే పొట్ట నొప్పెడుతుందని.

బావ అంటే మా అక్క భర్త. టెక్నికల్ కాలేజీలో యంత్రాల బొమ్మలు గీయడం నేర్పేవాడు. ఇంటి వెనకాల రేకుల షెడ్డు ఉండేది. కాలేజీ నుంచి రాగానే అందులో దూరితే, అక్క గరిటెతో పళ్ళెం వాయించేదాకా బయటికొచ్చేవాడు కాదు. పక్క వాటాలో నేనుండేవాణ్ణి. పెళ్ళి కాలేదు. భోజనం అక్క దగ్గర. ఉద్యోగం బస్టాండులో, విచారణ కౌంటరు వెనక. ఏ బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుంది, ఏది ఈరోజు రాదు, ఇవన్నీ అద్దం వెనక కూర్చుని చెప్పడం నా పని.

బావ ఏది కనిపెట్టినా ముందు నా మీదే పరీక్ష.

"లోకానికి చాలా అవసరంరా ఇది. కాస్త వాడి చూసిపెట్టు" అనేవాడు.

"లోకానికట!" అనేది వంటింట్లోంచి అక్క.

నేను పెద్దమనసు చేసుకుని ఒప్పుకునేవాణ్ణి. విజ్ఞానం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళున్నారు. నేను ఒళ్ళు ఇచ్చాను. "నేనొక్కణ్ణి లేకపోతే మా బావ గతి ఏమయ్యేదో" అని స్నేహితుల దగ్గర నిట్టూర్చేవాణ్ణి. వాళ్ళు ఏదో అనేవారు. సరిగ్గా వినిపించేది కాదు. పొగడ్తే అయ్యుంటుందని తలూపేవాణ్ణి.

అసలు ఆ రోజుల్లో నాకూ లోకానికీ ఒక పేచీ ఉండేది. మనుషులు నోరు తెరిచి మాట్లాడటం మానేశారు. ఎవర్ని చూసినా గొణుగుడే. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అక్క "ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే నాకు "చెప్పు తెగిపోయిందా?" అని వినిపించింది.

"లేదక్కా, మొన్ననే కొన్నాను" అన్నాను.

"ఉప్పా?"

"చెప్పులు."

అక్క గరిటె కింద పెట్టింది. "ఒరేయ్, నా మాట విని ఒకసారి చెవి డాక్టరుకి చూపించుకోరా" అంది.

ఈ మాట మటుకు గంట కొట్టినట్టు వినిపించింది. కంచం ముందు నుంచి లేచిపోయాను. "నాకు చెవుడంటావా? పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళు అడిగినదానికల్లా జవాబు చెప్పే ఉద్యోగం నాది! ఇంకోసారి ఆ మాట ఎత్తినవాళ్ళ గడప తొక్కను!" అని చెయ్యి కడుక్కోకుండానే వచ్చేశాను. వారం పాటు రొట్టె ముక్కలు నములుతూ ఆత్మగౌరవంతో బతికాను. చివరికి బావే వచ్చి బతిమాలి తీసుకెళ్ళాడు. అలవాటుగా నా కుడిపక్కకి చేరి, "ఈ కాలం మనుషులకి మాట్లాడటమే రాదురా" అన్నాడు. లోకంలో నన్ను అర్థం చేసుకున్న మగాడు ఈయన ఒక్కడే కదా అనిపించింది. ఆ తరవాతే పేటెంట్లు మొదలయ్యాయి.

మొదటిది దిండు. నేను డ్యూటీకి రోజూ ఆలస్యమయ్యేవాణ్ణి. అలారం గడియారాలన్నీ నాసిరకానివే దొరికేవి, ఒక్కటీ మోగేది కాదు. బావ ఓ దిండు తెచ్చి నా మంచం మీద పెట్టాడు.

"గడియారం మోతకి పసిపిల్లలు జడుసుకుంటున్నారురా. చప్పుడు లేకుండా మనిషిని లేపే సాధనం లోకానికి కావాలి."

తెల్లవారేసరికి ఆ దిండు, చెరువులోంచి లేచిన గేదె ఒళ్ళు విదిల్చినట్టు నన్ను విదిల్చింది. నేను మంచం కింద తేలాను.

"ఎలా ఉంది?" అన్నాడు బావ, తలుపు దగ్గరే కాచుకుని.

"మెలకువైతే వచ్చింది. పళ్ళు ఉన్నాయో లేవో లెక్కపెట్టుకోవాలి."

"కుదుపు తగ్గిస్తాలే" అని ఆనందంగా వెళ్ళిపోయాడు.

రెండోది కెటిల్. నీళ్ళు మరిగితే ఈల వేస్తుందని చెప్పి కొట్టువాడు నాకు అంటగట్టినవి ఒక్కటీ ఈల వేసిన పాపాన పోలేదు. అన్నీ మాడి మసైపోయాయి. బావ చేసిన కెటిల్లో నీళ్ళు మరిగితే మూతలోంచి ఎర్రజెండా లేచేది.

"ఈల ఎందుకు తీసేశావు బావా?"

"ఒంటరి మగాడి ఇంట్లోంచి ఈలలు వినిపిస్తే చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారురా?"

నిజమేననిపించింది. నా శీలం గురించి ఇంతగా ఆలోచించినవాడు ఇంకొకడు లేడు.

తరవాత తలుపు గంట. మా ఇంటికి ఎవరూ రావడం మానేశారని ఒకసారి వాపోయాను. వచ్చినవాళ్ళు గంట కొట్టి కొట్టి చేతులు నొప్పెట్టి వెళ్ళిపోతున్నారని నాకేం తెలుసు? బావ బిగించిన గంట నొక్కితే లోపల ఫ్యాను తిరిగేది. అతిథికి చల్లగాలితో స్వాగతం చెప్పడం లోకానికి అవసరమట. చలికాలంలో పోస్టుమాను వచ్చినప్పుడల్లా దుప్పటి కప్పుకుని వెళ్ళి తలుపు తీసేవాణ్ణి.

సైకిలు మీద పోతుంటే లారీలు హారను కొట్టకుండా వెనకనుంచి మీదికొస్తున్నాయని చెప్పిన వారానికి టోపీ తయారైంది. అంచుకి అటొకటి ఇటొకటి చిన్న అద్దాలు. వెనకొచ్చేవన్నీ ముందే కనిపించేవి. అది పెట్టుకుని వెళితే వీధిలో కుక్కలు కూడా కాస్త ఆలోచించి మొరిగేవి. మొరిగాయని అక్క చెప్పింది.

ఇంతలో బస్టాండులో చిక్కొచ్చి పడింది. ఒకావిడ చంకలో బిడ్డతో వచ్చి, "ఆఖరి బస్సు ఎన్నింటికండీ?" అని అడిగింది. నాకు "చక్కెర బస్తా ఎంతకండీ?" అని వినిపించింది.

"అమ్మా, ఇది బస్టాండు. కిరాణా కొట్టు ఎదురుగా ఉంది" అని మర్యాదగా చెయ్యి చూపించాను. ఆవిడ అది బస్సాగే చోటనుకుని అక్కడ నిలబడింది. ఆఖరి బస్సు ఆవిడ కళ్ళముందే వెళ్ళిపోయింది.

మర్నాడు మేనేజరుగారు పిలిచి, "నీ మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాయి" అన్నారు. నాకు "మర్యాదలు ఎక్కువయ్యాయి" అని వినిపించింది.

"అంతా తమ దయండీ" అని చేతులు కట్టుకున్నాను.

ఆయన మొహం ఎర్ర ఉల్లిపాయలా అయింది. వచ్చే నెల నుంచి నన్ను సామాన్ల గోడౌనుకి వేస్తున్నట్టు కాగితం చేతికిచ్చి పంపారు.

"పోనీలే బావా, మూటలు గొణగవు" అన్నాను ఆ సాయంత్రం, నవ్వుతూనే. ఆ కౌంటరంటే నాకు ప్రాణం. దారి తెలియనివాళ్ళకి దారి చెప్పి, వాళ్ళ మొహంలో బెంగ తగ్గడం చూస్తే నాకు కడుపు నిండేది.

బావ నవ్వలేదు. కాలేజీకి సెలవు పెట్టి షెడ్డులో కూర్చున్నాడు. వారం తిరక్కుండా శంఖంలా వంపు తిరిగిన గాజు తెర ఒకటి రిక్షాలో వేసుకుని బస్టాండుకొచ్చాడు. మేనేజరుగారితో గదిలో చాలాసేపు మాట్లాడి, నా కౌంటరు పాత అద్దం తీయించి, ఈ తెర సన్నటి కొస నా కుడిచెవి పక్కకి వచ్చేలా బిగించాడు.

"దుమ్ము పడకుండా" అన్నాడు నాతో. "ఇప్పుడు గాజు రంగంలోకి దిగాను."

ఆ రోజు నుంచి ప్రయాణికులంతా ఉన్నట్టుండి స్పష్టంగా మాట్లాడటం మొదలుపెట్టారు! ఫిర్యాదులు ఆగాయి. గోడౌను తప్పింది. "చూశావా బావా, జనానికి మాట్లాడటం నేర్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది" అన్నాను. బావ ఎంతో శ్రద్ధగా "అవునురా" అన్నాడు.

అయిదో పేటెంటు వచ్చాక ఇంజనీర్ల సంఘంవాళ్ళు బావకి సన్మానం పెట్టారు. పరీక్షలన్నీ నా మీదే జరిగాయి కనక నన్నూ వేదిక మీద కూర్చోబెట్టాలని పట్టుబట్టాను. బావ నా కుడిపక్కన కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్యా ఒక మైకు.

అధ్యక్షులవారు నవ్వుతూ, "దిండు, కెటిలు, తలుపు గంట, టోపీ, గాజు తెర. వీటికి ఒకదానితో ఒకదానికి సంబంధం ఏమిటో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. మాస్టారే చెప్పాలి" అన్నారు.

బావ లేచి, "ఏమీ లేదండీ. నాకు కుదురు తక్కువ" అని కూర్చున్నాడు. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

అప్పుడు ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి ఇంకో మైకు తీసుకుంది. "మాది బధిర పాఠశాల. నేను హెడ్మిస్ట్రెస్‌ని. మీరు వేరు వేరు రంగాలంటున్న ఈ సామానంతా మా పిల్లల హాస్టల్లో ఒక్క కప్పు కింద ఉంది. దిండుతో లేస్తారు, జెండా చూసి పాలు దింపుకుంటారు, ఫ్యాను తిరిగితే తలుపు తీస్తారు. ఇవి చేసినాయన ఎవరో ఒక్క మనిషిని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండి ఉంటారు. ఆ మనిషెవరో చూసిపోదామని వచ్చాను" అంది.

నేను బావ చెవిలో రహస్యంగా, "పాటలు నేర్పే బడిలో నీ దిండెందుకు బావా?" అన్నాను. ఆ రహస్యాన్ని మైకు హాలంతటికీ అందించింది.

"పాటలేమిట్రా?"

"మధుర పాఠశాల అందిగా ఆవిడ?"

"మధుర కాదు. బధిర." బావ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "చెవులు వినిపించని పిల్లల బడి."

"వాళ్ళకివన్నీ ఎలా పనికొచ్చాయి?"

ఎవరూ నవ్వలేదు. నా బుర్రలోకి సంగతి మెల్లగా, చాలా మెల్లగా, ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చింది. హాల్లో అందరికంటే ఆఖరున నాకే వచ్చింది.

"బావా! నాకు చెవుడా?"

మైకు ఇది కూడా అందించింది. బయట సైకిళ్ళు కాసే మనిషి లోపలికి తొంగి చూశాడు.

"అబ్బే, చెవుడేమిటి? ఎడమదానికి కాస్త బద్ధకం, అంతే" అన్నాడు బావ.

"మరి నాకో మాట చెప్పొచ్చుగా?"

"చెబితే గడప తొక్కనన్నావు. ఆ వారం నువ్వు రాకపోతే మీ అక్క ఒక్క పూట సరిగ్గా తినలేదు. ఆ మాట ఎత్తకుండా ఏం చెయ్యొచ్చో అదే చేశాను."

అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, "అయితే మాస్టారూ, ఈ అయిదింటికీ సంబంధం..." అన్నారు.

"మా బావమరిదండీ" అన్నాడు బావ, దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా.

హాలు చప్పట్లతో మోగింది. అవి నాకు బాగానే వినిపించాయి. ఎవరికో తెలియక నేనే లేచి దణ్ణం పెట్టాను.

ఇంటికొచ్చాక అక్క కూడా ఉండగా, "బావా, రేపు చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాను. అక్క కళ్ళు తుడుచుకుంది. బావ మొహం ముందు వెలిగింది. తరవాత ఎందుకో వాడిపోయింది.

"రేపేనా?" అన్నాడు.

"ఏం, తీరిక లేదా?"

"తీరికకేం... ఆరోది సగంలో ఉందిరా."

షెడ్డులోకి తీసుకెళ్ళాడు. మధ్యలో ఒక చెక్క కుర్చీ. దాని వీపులోంచి వైర్లు వెళ్ళి రేడియోకి కలిశాయి. ఈమధ్య పాడేవాళ్ళకి గొంతుల్లేవని నేను రేడియో కట్టేసి చాలాకాలమైంది. అది ఆయన గమనించాడన్నమాట.

"సంగీత రంగం" అన్నాడు బావ సిగ్గుపడుతూ. "లోకానికి..." అనబోయి ఆగిపోయాడు.

కూర్చున్నాను. మీట నొక్కాడు. వెన్నుపూసలో చీమలు పాకాయి. చక్కిలిగింతలు పుట్టి కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. బావ ఏదో మర బిగించాడు. మళ్ళీ కూర్చున్నాను. ఈసారి వీపు మీద ఎవరో మెత్తగా దరువు వేస్తున్నట్టుంది. చిన్నప్పుడు అక్క నన్ను జోకొడుతూ పాడిన పాట అది. పోల్చుకుని గట్టిగా పాడటం మొదలుపెట్టాను. బావ సంబరం పట్టలేక షెడ్డు రేకు మీద తాళం వేశాడు.

"ఇద్దరికీ శ్రుతి లేదు!" అని అరిచింది అక్క.

"ఇంకొక్కరోజు పరీక్షించి చూస్తేగానీ చెప్పలేం బావా. డాక్టరు ఎక్కడికి పోతాడు, ఎల్లుండి వెళ్దాం" అన్నాను.

ఎల్లుండే వెళ్ళాం. మధ్యలో ఆ ఒక్కరోజు మటుకు, నేను మా బావకి నిజంగా సాయం చేశానని ఎవరి దగ్గరైనా చెప్పుకోగలను.