బస్టాండులో దొరికిన అల్లుడు

ఆ రోజుల్లో ఫోటో అంటే వేలితో పక్కకు తోసేసేది కాదు. రీలులో ముప్పై ఆరు బొమ్మలు పడేవి, ముప్పై ఆరూ పూర్తయితేనే అది కడగడానికి పోయేది. ఇప్పుడు మా వీధి పిల్లలు పొద్దున తినే ఇడ్లీకి కూడా ఫోటో తీస్తున్నారు. తీయనీ, ఇడ్లీకేమీ అభ్యంతరం లేదు. మా కాలంలో ఫోటో దిగే మనిషికీ, తీసే మనిషికీ భయముండేది. నాకు ఇంకొంచెం ఎక్కువే ఉండేది, ఎందుకంటే ముప్పై దాటాక అక్షరాలూ కెమెరా రెండూ ఒక్క ఏడాదిలోనే నా చేతికి వచ్చాయి. (రెండిట్లోనూ తప్పులు చేశాను. ఇది ఆ రెండూ కలిసి చేసిన తప్పు.)

వరుసగా వానలు ఎగ్గొట్టి శెనక్కాయ పంట ఎండిపోయాక పల్లె వదిలి అనంతపురం వచ్చి, టవర్ క్లాక్ దగ్గర ఒక స్టూడియోలో ఊడ్చే పనికి కుదిరాను. ఫోటో దిగే ఆడవాళ్లకు కొంగు సర్దడానికి, పౌడరు ఎక్కువైతే తుడవడానికి ఆడమనిషి కావాలని యజమాని నన్ను లోపలి గదిలోకి రానిచ్చాడు. వయసులో నాకంటే చిన్నవాడే, నన్ను అక్కా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. కొన్నాళ్లకు పెళ్లిళ్లకు తీసుకుపోయే చిన్న కెమెరా కూడా నా చేతికిచ్చేవాడు. పెళ్లి రీళ్లలో చివర రెండు మూడు బొమ్మలు మిగిలిపోయేవి. "అక్కా, బయట ఏదో ఒకటి కొట్టి రీలు ముగించుకొని రాపో" అనేవాడు. ఆయన ఉద్దేశం ఏ గోడనో, చెట్టునో కొట్టమని. నేను మనుషుల్ని తీసేదాన్ని. సంతలో మొగుణ్ని నిలబెట్టి, ఒంటి మీదున్న చొక్కాకే ఊడిన గుండీ కుట్టి, దారాన్ని పంటితో తెంపుతున్న ఆమె. నీళ్ల ట్యాంకరు దగ్గర నోరు నొప్పిపుట్టేదాకా తిట్టుకొని, ఆ వెంటనే ఒకరి బిందె ఒకరి నెత్తికెత్తిన తోడికోడళ్లు. ఈ ఎండల ఊరు, దుమ్ము ఊరు నాకు అట్లా కెమెరాలోంచి చూస్తేనే నచ్చింది. బాగున్న వాటిని యజమాని బయట అద్దాల పెట్టెలో పెట్టేవాడు.

ఒకరోజు బస్టాండులో బల్ల మీద ముగ్గురు కనిపించారు. అవ్వ కూతురికి జడ వేస్తోంది, కూతురు తన ముందు కూర్చున్న నాలుగేళ్ల బిడ్డకు జడ వేస్తోంది. ముగ్గురూ ఒకే వైపు తిరిగి, ఒకే తీరుగా మెడ వంచి ఉన్నారు. నేను కెమెరా ఎత్తగానే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తల్లీ. ముగ్గురమైతాము. నడిమిది నా బిడ్డ."

మా దగ్గర ఇది గట్టి పట్టు. ముగ్గురు ఒక ఫోటో దిగితే నడిమి మనిషికి చేటంటారు. స్టూడియోకు మొగుడు, పెండ్లాం, బిడ్డ వస్తే బిడ్డ చేతికి ఒక బొమ్మనిచ్చి నలుగురు అనిపించేవాళ్లం. బస్టాండులో బొమ్మ యాడ తెచ్చేది? పక్కన ఒకాయన సంచి పట్టుకొని సోమందేపల్లె బస్సు కోసం చూస్తున్నాడు.

"ఏమప్పా, ఒక్క నిమిషం ఈడొచ్చి నిలబడు."

"ఎందుకమ్మా?"

"వాళ్లు ముగ్గురుండారు."

"ఓ, అట్లనా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. సంచి కింద పెట్టి, జుట్టు దువ్వుకొని, బల్ల వెనక నిటారుగా నిలబడ్డాడు. "మీసం పడతాందా?" అని మాత్రం అడిగాడు. పడుతోందన్నాను. తీశాను. బస్సొచ్చింది, ఆయన పోయాడు.

ఫోటో బాగా వచ్చింది. కింద ఒక చీటీ రాసి పెట్టమన్నాడు యజమాని. సాయంత్రం అక్షరాల బడిలో నాకు అప్పుడే ఒత్తులు పట్టుబడుతున్నాయి. అవ్వ, కూతురు, మనవరాలు అని రాశాను. ముగ్గురికి రాసి నాలుగో మనిషిని ఊరికే వదిలేస్తే బాగుండదనిపించి, అల్లుడు అని కూడా రాశాను. అన్నిట్లోకీ ఆ మాటే గుండ్రంగా కుదిరింది.

పది రోజులకు ఒకాయన స్టూడియోలోకి వచ్చి, అద్దాల పెట్టె దగ్గరికి నన్ను పిలుచుకుపోయి, వేలు పెట్టి చూపించాడు. గుంతకల్లులో రైల్వే పనట.

"ఈయప్ప ఎవరు?"

"సోమందేపల్లె ఆయప్ప. బస్సు కోసం ఉన్న్యాడు."

"బస్సు కోసం ఉన్న్యాడా, నా పెండ్లాం కోసం ఉన్న్యాడా? అల్లుడని రాసినారే. ఆ ఇంటికి అల్లుణ్ని నేను."

పెండ్లాం పుట్టింటికి వచ్చి మూడు నెలలైందనీ, పోయేటప్పుడు తానే "పోతే అట్నే పో" అన్నాననీ ఆయనే చెప్పాడు. యజమాని ఇద్దరి మాటలూ విని కెమెరా నా చేతిలోంచి తీసుకున్నాడు. "అక్కా, రాసింది నువ్వు. నువ్వే పోయి చెప్పిరా. వాళ్ల కాపురం చెడిందంటే నీకింక చీపురే." ఊళ్లో నన్ను ఫోటోలక్క అనడం మొదలై ఆరు నెలలు కూడా కాలేదు.

అద్దాల పెట్టెలోంచి ఆ ఫోటో తీసుకొని, ఇద్దరం ఆటోలో ఆమె పుట్టింటి ఊరు బుక్కరాయసముద్రం పోయాం. సగం దారిలో ఆయన రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "ఇంతకు ముందు రెండుసార్లు వచ్చినానక్కా. బస్టాండు దాకా వచ్చి తిరుక్కొని పోయినా. ఏం మొగం పెట్టుకొని పోవల్ల?" ఈసారి మొగం దొరికింది కదా, కోపపు మొగం, అనుకున్నాను. పైకి అనలేదు. (అప్పటికి ఆమాత్రం బుద్ధి వచ్చింది.)

అవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కూతురు లోపల్నుంచి వచ్చి గడపలో నిలబడింది. ఈయన ఫోటో ముందుకు చాపి, "ఈ అల్లుడెవరు?" అన్నాడు.

ఆమె ఫోటో చూసింది, మొగుణ్ని చూసింది.

"నాకేం తెలుసు. ఫోటోలక్క నిలబెట్టింది. ముగ్గురుంటిమి. నువ్వు వచ్చింటే నువ్వే నిలబడింటివి."

నేను మధ్యలో దూరి, ముగ్గురు దిగకూడదు కదప్పా, అందుకని... అని మొదలుపెట్టాను. అవ్వ చేట దించింది. "నువ్వూరుకో తల్లీ. అది తెలీనోడా?"

ఆయన ఫోటో దించాడు. బిడ్డ లోపల్నుంచి తొంగి చూసి, "నాయన వచ్చినాడు" అని అవ్వకు చెప్పింది, అవ్వకు కనపడనట్టు. ఆయన చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. "తిన్న్యావా?" అని పెండ్లాన్ని అడిగాడు.

"మూడు నెలలకు అడుగుతాండావు" అంటూనే ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. నాకు ఇంక అక్కడ పని లేదు. ఫోటో తీసుకొని వచ్చేశాను.

మరుసటి రోజు మొగుడు, పెండ్లాం, బిడ్డ సంచులతో స్టూడియోకు వచ్చారు, సాయంత్రం రైలుకు పోతున్నారు. ఆ ఫోటో కావాలన్నాడు. నేను కత్తెర తెచ్చాను. "ఆయప్పను కోసేసి ఇస్తానప్పా, వెనకుండాడు కాబట్టి నున్నగా వస్తాది."

ఆయన ఫోటో నా చేతిలోంచి తీసుకున్నాడు. "చీటీ నువ్వే పెట్టుకో. ఆయప్పను ఉండనీ."

"ఎందుకప్పా?"

"ఆయప్ప లేకుంటే ఈసారీ బస్టాండు నుంచే తిరుక్కొని పోయింటి."

ఆమె నవ్వు కనపడకుండా బిడ్డ కొంగు లాగిందన్నట్టు అటు తిరిగింది. యజమాని బల్ల మీదున్న కెమెరాను నా వైపు జరిపాడు.

ఊళ్లో మనుషుల ప్రేమలన్నీ నేనే కనిపెట్టి పట్టుకుంటున్నానని ఆ వయసులో నాకొక గర్వముండేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ బిడ్డకు పెళ్లయి ఉంటుంది. గోడ మీది ఫోటోలో ఈ మామ ఎవరని ఎప్పుడైనా అడిగి ఉంటే వాళ్లేం చెప్పారో నాకు తెలియదు. అక్షరాలు వచ్చాయన్న సంబరంలో అనంతపురంలో ఒకామె, దారిన పోయే మనిషిని మనింటికి అల్లుణ్ని చేసిందని చెప్పుకుంటే చాలు.