తాళం తీసేసిన కథ

మేరాజ్ బీ రాయదుర్గంలో ఒక జీన్స్ యూనిట్‌లో కుట్టుపని చేసేది. 2008లో ఆమె ఒక కథ రాసింది. పనివేళల్లో యూనిట్ వెనక తలుపుకు బయటి నుంచి తాళం వేస్తారు. నిప్పంటుకుంటే లోపలి ఆడవాళ్లు ఎటు పరుగెత్తాలన్నదే ఆ కథ. నెట్ సెంటర్ నడిపే ఈశ్వరి దాన్ని టైపు చేసి, ఇంటర్నెట్‌లో వచ్చే మూడు పత్రికలకు పంపింది. ఒక పత్రిక యాస మార్చమంది. ఇంకొకటి జవాబే ఇవ్వలేదు. మూడోది మాత్రం రచయిత్రి అసలు పేరూ ఊరూ పెట్టి వేస్తామని రాసింది.

అది వినగానే మేరాజ్ అడ్డుపడింది.

"వద్దక్కా, వెనక్కి తీసుకో. ఓనరు చూస్తే నన్ను పనిలో పెట్టుకుంటాడా?"

"ఎడిటరు ఒప్పుకున్యాక మనం తీసేకి కాదు మేరాజ్," అంది ఈశ్వరి.

ఆ తర్వాత సూపర్‌వైజర్ అడుగుల చప్పుడు వినబడితే చాలు, మేరాజ్ కుట్టు వంకర పోయేది. చివరికి కథ వచ్చింది. అందులో తాళం లేదు. నమ్మేలా లేదని ఎడిటర్ ఆ భాగం తీసేశాడు.

"ఇంక నీకేం భయం లేదులే," అంది ఈశ్వరి.

మేరాజ్ కంప్యూటర్‌లో తాళం ఉండాల్సిన చోటును వేలితో చూపింది.

"ఈ పొద్దు కూడా తాళం ఏసినారక్కా. అది మళ్లా పెట్టమని రాయి," అంది.

ఎడిటర్ పెట్టాడు. యూనిట్‌లో ఆ కథను ఎవరైనా చదివారో లేదో ఆమెకు తెలియలేదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఉలిక్కిపడి లేచి నిలబడేది.