సొట్టకు కొలతలు తీసిన ఘనుణ్ణి

ఒక సొట్ట నా పర్మనెంటు ఉద్యోగాన్ని ఎలా మింగిందో చెబుతాను. మీరు నవ్వుతారు. నవ్వండి. ఆ రోజు నవ్వినవాళ్లందరి పేర్లూ నాకు ఇప్పటికీ గుర్తే. మీవీ చేర్చుకుంటాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. హిందూపురంలో రేకు సామాన్లు చేసే షెడ్డు, అందులో ఒకే ఒక్క కంప్యూటరు, దాని ముందు నేను. ఆర్నెల్ల డిజైన్ కోర్సు చేసి, మౌస్ పట్టుకుంటే విశ్వకర్మ నాకు మేనమామ అనుకునేవాణ్ణి. ఈ ఒక్క పని బాగా చేస్తే పర్మనెంటు చేస్తానని ఓనరు మాటిచ్చాడు.

మా సూపర్‌వైజరు నంజుండప్ప ధర్మవరం నుంచి శాంపిల్ తెచ్చాడు. పట్టుదారం చుట్టే మిషన్ మోటారుకు బిగించే రేకు మూత. అలాంటివి రెండు వందలు కావాలి. మూత మీద ఒక పక్క బొటనవేలు పట్టేంత గుంట.

"ఇదేందన్నా, ఈడ లోపలికి పోయుండాది?"

నంజుండప్ప మూత వైపు చూడలేదు, గోడ వైపు చూశాడు. "ఉండేది ఉండేట్ల గీయప్పా. నీ తెలివి దాంట్లో కలపొద్దు."

కలిపాను. మోటారుకు గాలి ఆడటానికే ఆ గుంట పెట్టి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు రోజులు వెర్నియర్ పట్టుకుని కొలిచాను. పెళ్లిచూపుల్లో పిల్లను కూడా నేను అంత శ్రద్ధగా చూడలేదు. మైనంతో అచ్చు తీశాను. తెర మీద దాని అంచులు నున్నగా దిద్దాను. లోతు ఐదు మిల్లీమీటర్లు, పావు మిల్లీమీటరుకు మించి తేడా రాకూడదని కింద నోటు కూడా రాశాను. నంజుండప్ప చూడకుండా సంతకం పెట్టాడు. మూతలు తయారయ్యాయి. మూడింటికి గుంట సరిగా పడలేదని నేనే పక్కన పారేయించాను.

మిషన్ల ఆసామి వెంకట్రాముడు ధర్మవరం నుంచి వచ్చి పెట్టె విప్పాడు.

"ఏమబ్బా, అన్నీ సొట్టలు పోయుండాయే!"

"మీ శాంపిల్ ఎట్లుంటే అట్లే చేసినాము" అన్నాను గర్వంగా.

"నేనిచ్చినప్పుడు అద్దం మాదిరి ఉండెనే!"

అందరూ నంజుండప్ప వైపు తిరిగారు. ఆయన తల గోక్కున్నాడు. "పెనుకొండలో బస్సు మారితి సార్. ఒకటే జనం. సీటు పట్టేదానికి చేతిలో టవల్ కూడా లేకపాయ. కిటికీలోంచి మూతనే ఏస్తి. పోయి సీటు కమ్మీకి తగిలె."

ఓనరు పగలబడి నవ్వాడు. "సీటు దొరికెనా, లేదా?"

"దొరికె సార్. కిటికీ పక్కదే."

షెడ్డంతా నవ్వింది. వెంకట్రాముడు కూడా నవ్వాడు. ఓనరు కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగేసరికి ఆ నవ్వు లేదు. "ఆయప్పంటే సీటు కోసం ఏసినాడు. సదువుకున్నోడివి, నీకు బుద్ధి యాడ పాయ? సొట్టకు కొలతలు తీస్తావా? ఉన్నంతలో బాగుండేవి మూడు మూతలు. అవి కూడా నువ్వే పారేస్తివి!"

సంతకం పెట్టినవాడికి కిటికీ పక్క సీటు, గీసినవాడికి తిట్లు. నా పర్మనెంటు వచ్చే ఏటికి పోయింది. ఆ వచ్చే ఏడు ఈనాటికీ రాలేదు.

అందుకే వెర్నియర్ మీద చేయి వేసి ఒట్టు పెట్టుకున్నాను. శాంపిల్ ఎంత పెద్దమనిషి తెచ్చినా సరే, ముందు ఒకటే అడుగుతాను: "బస్సులో సీటు దొరికిందా?" దారి పొడుగునా నిలబడే వచ్చానంటేనే కొలతలు తీస్తాను.