ఒక్క డ్యామ్, రెండు వలలు

అయినా, నా లెక్క తప్పెట్లయితది? కాలేజీ ప్రాజెక్టుకు, చేపలకు మేతయ్యే జూప్లాంక్టన్ పురుగుల కోసం మానేరు డ్యామ్‌ల ఒక్క తావునే రెండు వలలు గుంజిన. పెద్ద కండ్ల వలకు పెద్ద పురుగులు, సన్న కండ్ల వలకు సన్నయి పడ్డయి.

"ఒక్క తావుకు రెండు లెక్కలెట్లుంటయి? ఒకటి కొట్టెయ్, లేకుంటే ప్రాజెక్టు మీద సంతకం పెట్ట," అన్నడు సారు.

మండుకుంట ఇంటికొచ్చిన. మరమగ్గం నడిపే మా బాపు, పోగులు లెక్కవెట్టే అద్దంతోని సన్న వల చూసిండు.

"కండ్లన్ని పాకురుతోని మూసుకపోయినయ్ బిడ్డా. ఫోన్ల వీడియో తీసుడేనా, వల కడుగుడు లేదా?"

నిజమే, కడగలే. మళ్ల పోయి, గుంజినప్పుడల్లా కడిగిన. సన్నయి ఇంకా ఎక్కువచ్చినయి. పెద్దయి మాత్రం, సన్న వల నీళ్లను ముందటికి నెట్టంగనే తప్పించుకున్నయి, పెద్ద కండ్ల వలకే పడ్డయి.

రెండు లెక్కలు సారు ముందట పెట్టిన. ఒక్క వలతోని నీళ్లల్ల ఏమున్నదో మీరు చెప్తరా సారూ?