సున్నం కలిపిన తొట్టి

మొన్న మా ఇంటికి సున్నం వేయించాం. కూలీ గాబులో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోశాడు. బుసబుసమని పొంగిన ఆ చప్పుడుకు, ముక్కుకెక్కిన ఆ ఘాటుకు నేను గడప మీదే కూర్చుండిపోయాను. కోడలు మంచినీళ్లు తెచ్చింది. నా కళ్ల ముందు ఉన్నది లింగయ్య సారు.

నైజాం రోజులు. సారు పగలు బడిలో ఉర్దూలో పాఠాలు చెప్పి, సాయంత్రం సిద్దిపేటలో ఒక కిరాయి ఇంట్లో తెలుగు పఠన మందిరం తెరిచేవారు. నేను మగ్గం నేసే పడుచువాణ్ణి. బడికి పోలేదు. అక్షరాలు అక్కడే నేర్చుకుని, ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

మందిరం వాకిట్లో, ఒక పక్క అద్దం బిగించిన సిమెంటు తొట్టి ఉండేది. అందులో చిన్న చేపలు. అవి చూసి ఆనందించడానికి మాత్రమే కాదు. ఆ కాలంలో మా వైపు నారికురుపు ఇంటింటా ఉండేది. తాగే నీళ్లతో లోపలికి పోయి, ఏడాదికి కాలు చీల్చుకుని దారంలా బయటికి వచ్చే పురుగు. బావిలో చేపలుంటే ఆ రోగాన్ని మోసే నీళ్లలోని సన్న పురుగుల్ని తినేస్తాయని సారు చదివారు. అందుకని పుస్తకం ఇచ్చినట్టే చేపల్ని ఇచ్చేవారు. బావిలో అవి పిల్లలు పెట్టాక కొన్నింటిని తెచ్చి తొట్టిలో వదలాలి. తెచ్చినవాళ్లు తమ బావి నీళ్లతో సహా చెంబు తొట్టిలోకి వంచేవాళ్లు. అన్ని ఇళ్ల నీళ్లూ ఒక్కచోట కలవడం సారుకు ఎంతో ఇష్టం. అదే మా కొంప ముంచింది.

ఒక సాయంత్రం చూస్తే చేపల ఒంటి మీద తెల్లటి పలుకులు. గోడకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి.

"సారూ, గిదేంది? ఉప్పు చల్లినట్టున్నది!"

"చెయ్యి పెట్టకు సత్తయ్యా," అన్నారు సారు.

బాగున్నట్టు కనిపించినవాటిని తీసి వేరే కుండల్లో, మంచి నీళ్లలో పెట్టాం. కొద్ది రోజులకు వాటికీ పలుకులు వచ్చాయి. ఇది ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునేదేనని అర్థమైంది. సారు చాలాసేపు అద్దం ముందు కూర్చున్నారు. లేచి, కుండల్లోవాటినీ తొట్టిలో పోయించి, రోగం ఇంకో బావికి పాకకుండా సున్నం తెప్పించి అందులో కలిపారు. నీళ్లు పాలలా మారిపోయాయి. తెల్లదనంలోంచి చేపలు నోళ్లు తెరుచుకుని అద్దానికి వచ్చి తగిలాయి. తరవాత అదీ ఆగింది. ఎవరినీ గట్టిగా కసరని మనిషి చేసిన పని అది.

"ఇగ నడువు," అన్నారు సారు చేతులు కడుక్కుంటూ. "ఇచ్చిన ఇండ్లకు పోదాం."

అంతకు ముందే కొన్ని ఇళ్లకు చేపల్ని ఇచ్చి ఉన్నాం. మొదట రాజవ్వ ఇల్లు. కల్లు గీసే కొడుకు నారికురుపుతో మంచం పట్టి ఉన్నాడు. అతను చెట్టెక్కితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. సారు వాకిట్లో నిలబడి సంగతి చెప్పారు.

"పోరని కాలు బాగుపడాలెనని గదా నీ చాపలు తెచ్చుకున్న! ఇప్పుడు గవ్విటికే రోగమంటవా?"

"అవునవ్వా. ఇచ్చింది నేనే."

"మనుషులకు అంటుతదా మరి?"

నేను సారు చెవిలో గొణిగాను: "అంటదని చెప్పున్రి సారూ. జర ధైర్యమన్న ఉంటది."

"అంటదని నువ్వు చూసినవా? నేను చూడలే," అని నాతో అని, ఆమె వైపు తిరిగారు. "నాకు తెల్వదవ్వా."

ఊళ్లో ఏ అనుమానమొచ్చినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ నోటి నుంచి ఆ మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"గిన్ని పుస్తకాలు ముంగటేసుకొని తెల్వదంటవా? సిగ్గులేదా?" అంది రాజవ్వ.

"సారు బడి ఇడిచి చాపల దవాఖాన పెట్టిండుల్లా!" అని పక్కింటి అరుగు మీంచి ఎవరో నవ్వారు.

సారు కదల్లేదు. "పట్నం దవాఖానల అడిగొస్త. అప్పటిదాంక నీళ్లు గుడ్డల వడగట్టి, కాగబెట్టుకొని తాగున్రి," అన్నారు. ప్రతి ఇంటి ముందూ అదే మాట, అవే తిట్లు. పట్నం పోయి వచ్చి, డాక్టరు తనకు తెలిసినంతలో అంటుకోదన్నాడని మళ్లీ గడప గడపకూ చెప్పారు. "ఆయనకు తెల్సినంతల" అన్న మాటను ఒక్క ఇంట్లోనూ వదిలిపెట్టలేదు.

మందిరానికి జనం రావడం మానేశారు. నేనూ సారూ దీపం పెట్టుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. మూసేయాల్సి వస్తుందనే అనుకున్నాను.

అప్పుడొక రోజు రాజవ్వ వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "మందులాయనొకడు పోరని కాల్ల పురుగును ఒక్కపారే గుంజి తీస్తనంటుండు. తియ్యనియ్యాల్నా? తెలుస్తే చెప్పు, తెల్వకుంటే తెల్వదను," అంది.

"గుంజనియ్యకవ్వా. నడుమ తెగితే లోపలున్నది చీము పడుతది. పుల్లకు సుట్టుకుంట రోజింత మెల్లగ తియ్యాలె. గిది నాకు తెల్సు."

ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు. గిరుక్కున తిరిగి, దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికి పోయింది.

ఇప్పుడు నాలుగు పుస్తకాలు చదివినవాడినని నన్నూ జనం అడుగుతుంటారు. తెలియదు అనాల్సి వచ్చినప్పుడు నా నాలుక ఇంకా మొరాయిస్తూనే ఉంటుంది. తిట్లు పడుతూ వాకిట్లో కదలకుండా నిలబడ్డ ఆ మనిషిని తలుచుకుని, ఆ మాట అంటాను.