అక్క ఫోల్డర్

చూపులేని పిల్లలకు బడి పుస్తకాలు అచ్చువేసే ఆ ప్రెస్సులో ఐదు కంప్యూటర్లున్నాయి. ఐదింటిలోనూ ఉన్నది ఉచితంగా దొరికే లినక్సే. వాటి బాగోగులు చూసే మనిషిని అందరూ వైర్ల బాబు అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది అతని అక్కే. ఆవిడ ఇరవై రెండేళ్లుగా అక్కడ బ్రెయిలీ టైపిస్టు. "మావాడికి మనుషులకన్నా వైర్లే దగ్గరి చుట్టాలు" అని నవ్వేది.

ఒక్కో పాఠం పూర్తవగానే అక్క దాన్ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, మెడలో వేసుకుని, బల్లబల్లకీ తిరిగేది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. "కూర్చున్నచోటు నుంచే అందరికీ అందేట్టు చెయ్యరా" అని రెండేళ్లు అడిగింది. "వచ్చేవారం చేస్తాలేవే" అని అతను దాటేస్తూ వచ్చాడు. చిన్న పని కాబట్టే వాయిదా పడింది; పెద్ద పనైతే ఎప్పుడో చేసేవాడు.

ఒకరోజు అక్క బస్టాపులో నిలబడినచోటే కుప్పకూలింది. ఆస్పత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది. వచ్చినవాళ్లు అతని భుజం తట్టి వెళ్లారు. అతని కంట్లోంచి చుక్క రాలలేదు. "రాయిలా కూర్చున్నావేంట్రా?" అంది పెద్దమ్మ. అతను మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజున మేనేజరు పిలిచింది.

"అక్కగారి పాఠాలు మిగతావాళ్లకి కావాలి. తెచ్చిచ్చే మనిషి లేదు కదా" అని ఆగింది. "మీకు కష్టమైతే బయటివాళ్లతో చేయిస్తాను."

"అక్కర్లేదండీ. ఒకపూట పని."

అక్క కుర్చీ పక్కకి జరిపి, ఇంకో కుర్చీ వేసుకున్నాడు. ఆవిడ కంప్యూటర్‌లో ఫోల్డర్లు పంచిపెట్టే సర్వర్ ఎక్కించాడు. ఏ ఫోల్డర్ ఎవరికి కనబడాలో ఒక ఫైల్లో రాశాడు. తర్వాత మిగతా నాలుగింటి దగ్గరికీ వెళ్లి, అక్కడినుంచే తెరుచుకునేట్టు ఆ ఫోల్డర్‌ని తగిలించాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

పాఠాలన్నీ కనబడ్డాయి. కానీ ఫైలు ఎవరిదో చూపించేచోట అక్క పేరు లేదు. ప్రతి పాఠం పక్కనా 'నోబడీ' అని ఉంది. ఆ ఫైళ్ల మనిషి ఎవరో తెలియనప్పుడు కంప్యూటర్ వేసే మాట అది. ఇలా అవుతుందని అతనికి ముందే తెలుసు. అయినా చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఫైళ్లన్నీ ప్రెస్సు పేరు మీదికి మార్చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మార్చలేదు. నాలుగు కంప్యూటర్లలోనూ, అక్క దాంట్లో ఆవిడ ఖాతాకి ఉన్న నంబరుతోనే, అక్క పేరుతో ఖాతా తెరిచాడు. మిగతావాళ్లు దిద్దుకోవడానికి వేరే అనుమతి ఇచ్చాడు. మధ్యాహ్నం దాటింది. ఇప్పుడు అన్నిచోట్లా అక్క పేరే కనబడుతోంది. అది చూసినా అతనికి ఏమీ అనిపించలేదు. లేచి చేతులు కడుక్కున్నాడు.

ప్రూఫులు చూసే మాస్టారికి చూపు లేదు. కీబోర్డు ముందున్న పట్టీ మీద పైకి లేచే చుక్కల్ని వేళ్లతో తడిమి చదువుతారు. ఆ సాయంత్రం, ఉన్నచోట నుంచి కదలకుండానే, అక్క కొట్టిన సైన్సు పుస్తకం తెరిచారు. కాసేపటికి వేళ్లు ఆగాయి.

"ఆరో పాఠం మధ్యలోనే ఆగిపోయింది నాయనా."

"అవునండీ."

"మిగతాది ఎవరు కొడతారు?"

"కొత్త మనిషి కోసం చూస్తున్నారట."

"బడి తెరిచేలోగా దొరుకుతుందంటావా?"

అతను వంగి, ఊడొస్తున్న పట్టీ వైరు బిగించాడు.

"చుక్కలు కొట్టడానికి ఆరు మీటలే. నీకు నేర్పుతాను" అన్నారు మాస్టారు.

 మర్నాటి నుంచి రోజూ రెండు గంటలు అక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. మొదటి వారంలో పేజీకి తొమ్మిది తప్పులు పడ్డాయి. "మీ అక్కకైతే వారానికి తొమ్మిది" అన్నారు మాస్టారు. అతనికి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. తప్పులు దిద్దుకుని ముందుకి వెళ్లాడు.

రెండు నెలలకి పుస్తకం పూర్తయింది. బడి తెరవడానికి నాలుగు రోజుల ముందు కట్టలు బండికెక్కాయి. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావురా?"

"ఏమో పెద్దమ్మా, తెలీట్లేదు" అన్నాడు. అక్క పోయాక ఎవరైనా అలా అడిగితే అతను నిజం చెప్పడం అదే మొదలు.