నేను కొట్టేసిన పేరు

పోయిన మంగళవారం మా గల్లీ ఇస్త్రీ కాక నిజామాబాద్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆయనను మా బోధన్‌కు తెచ్చిన అంబులెన్సు మా సందులోకి తిరగలేక మూల మీదనే ఆగింది. అక్కడి నుంచి ఇంటిదాకా నలుగురం మోశాం. ఆయన ఇంత తేలికగా ఉంటాడని నేను అనుకోలేదు.

మా ఇంటికి ఎదురుగానే ఆయన బండి. బొగ్గుల ఇస్త్రీ పెట్టెను చెంప దగ్గరకు తెచ్చుకుని వేడి చూసేవాడు. ఇస్త్రీ చేసిన బట్టలు ఎవరికైనా రెండు చేతులతో ఇచ్చేవాడు, పిల్లల లాగులైనా సరే. జేబుల్లో మరిచిపోయిన చీటీలు దొరికితే మడత విప్పకుండా పైన పెట్టి ఇచ్చేవాడు. "తొడుక్కున్నోని సంగతి గుడ్డకు ఎరుక. మనకెందుకు?" అనేవాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన పటాలంలో ధోబీ. బంగ్లా యుద్ధానికి పోయి వచ్చాడు. ఆ సంగతి ఆయన నోట ఒక్కసారే విన్నాను. ఒక వానాకాలం మధ్యాహ్నం బొగ్గులు తడిసి రాజుకోక, పని లేక, మా అరుగు మీద కూర్చున్నాడు.

"తొమ్మిది మంది నది అవతలికి పోయిన్రు బిడ్డా. ఆళ్ళ జతలు తొమ్మిది ఉతికి, ఆరేసి, మడతపెట్టిన. తీసుకపోనీకి ఎవ్వరు రాలే."

"వాళ్ళ పేర్లు యాదికున్నయా కాకా?"

"నాకు సదువొస్తదా? నల్లజీడి రసంతోని గుడ్డకు పెట్టిన గుర్తులే ఎరుక. ఒకనిది రెండు సుక్కలు. ఒకనిది సుక్క కింద గీత." అరుగు మీద తడివేలితో గీసి చూపించాడు. తొమ్మిదీ గీసేలోపే మొదటివి ఆరిపోయాయి.

"మరి ఆ బట్టలేం చేసినవ్?"

"మళ్ళొకసారి ఉతికిన."

"ఎందుకు?"

"వస్తరేమోనని."

మా ఊళ్ళో మాజీ సైనికులు ప్రతి డిసెంబరులో యుద్ధ స్మారక స్తూపం దాకా కవాతు చేస్తారు. ఆ రోజు వాళ్ళు తొడిగే యూనిఫారాలన్నీ కాక చేతి మీదుగానే పోయేవి. నేను సైనికుణ్ణి కాను. బడి నడుమనే ఆపి, చూసి చూసి అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. రాత కుదురుగా ఉంటుందని సంఘం వాళ్ళు తమ కాగితాల పని నాకు అప్పగించారు. కవాతులో ఎవరు నడవాలో ఆ జాబితా రాసేది నేనే.

పోయిన డిసెంబరులో కాక నన్ను అడిగాడు, "ఈసారి నా పేరు రాస్తవా బిడ్డా?"

"రాస్త కాకా" అన్నాను. ఎవరినీ అడగకుండానే అందరికన్నా కింద రాశాను.

మరునాడు సంఘం గదిలో సుబేదార్ సాబ్ ఆ జాబితా చూశాడు. సంఘానికి ఆయనే పెద్ద. ఇస్త్రీకి బట్టలు తీసుకుపోవడానికి వచ్చిన కాక అక్కడే ఉన్నాడు.

"ఏంది కాకా, నువ్వు లైన్ల నడిస్తే మా ప్యాంట్లకు క్రీజు ఎవడు తీయాలె?"

"తెల్లారకముందే తీసిస్త సాబ్."

"తుపాకి పట్టినోళ్ళ లైను అది. ఇయాల నువ్వు నడుస్తవు. రేపు వంటోడొస్తడు, ఎల్లుండి మంగలాయన వస్తడు."

"ఆళ్ళు గూడ ఆడ ఉండిరి సాబ్. మా వంటాయన రొట్టెలు కాలుస్తుంటెనే బాంబు పడ్డది."

వెనక నుంచి ఎవరో అన్నారు, "ఇగ మస్తుంటది! ముంగట గరిటె, ఎనుక ఇస్త్రీ పెట్టె!"

గదంతా నవ్వింది. కాక కూడా నవ్వాడు. నవ్వి, "నాకోసం కాదు సాబ్. ఆ తొమ్మిది మంది తరపున ఈ ఊర్ల నడిచేటోళ్ళు ఎవరున్నరు?" అన్నాడు.

సుబేదార్ చెడ్డవాడు కాదు. తన పక్కన నిలబడ్డవాళ్ళను పోగొట్టుకున్నవాడే. వరుస జాతరలాగా అయిపోతుందని ఆయన భయం. కానీ ప్రతి ఏడూ పూలదండ తెచ్చే నాయకుని వెంట కండువాలు వేసుకుని వచ్చేవాళ్ళు అదే వరుసలో ముందు నడుస్తారు. ఆ మాట నా నాలుక మీదనే ఉంది. సుబేదార్ జాబితాలోని చివరి పేరు మీద వేలు పెట్టి నావైపు చూశాడు. నేను కలం తీసి గీత కొట్టాను.

గుమ్మం దాటాక కాక నా భుజం తట్టాడు. "పల్చగనే కొట్టినవ్ గదా?" అన్నాడు. నన్ను నవ్వించడానికే అన్నాడు.

అంత్యక్రియలకు సుబేదార్ శాలువా కప్పుకుని వచ్చాడు. మంట అందుకున్నాక నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అంతగనం నడవాలని ఉండెనా ఆయనకు?"

"ఉండె సాబ్."

"మరి నువ్వన్న గట్టిగ అనకపోతివి?"

ఈ డిసెంబరులో ఉతికినవాళ్ళ పేర్లు, వండినవాళ్ళ పేర్లు కూడా రాస్తానన్నాను.

"రాయి," అన్నాడు. "ఇగ నడవనీకి ఎవరున్నరు?"

యుద్ధంలో పోయినవాళ్ళ కోసం నడవాల్సింది ఎవరంటే, వాళ్ళు తిరిగి వస్తారని ఎదురుచూసినవాళ్ళందరూ అని ఇప్పుడు చెప్పగలను. చెప్పాల్సిన రోజు చెప్పలేదు.

పోయిన డిసెంబరులో, ఆ కవాతు రోజు పొద్దున నేను సంఘం మెట్ల మీద నిలబడి ఉన్నాను. బ్యాండు, జెండా, యూనిఫారాలు, కండువాలు అన్నీ దాటిపోయాయి. చూసేవాళ్ళు కూడా వాళ్ళ వెంటే పోయారు. రోడ్డు ఖాళీ అయ్యాక, ఎదుటి వైపు నిలబడ్డ కాక చెప్పులు విడిచి నడిరోడ్డు మీదికి వచ్చాడు. సిపాయిలాగా నడవలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, వాటి మీద ఏదో మోస్తున్నట్టు నెమ్మదిగా నడిచాడు. పది అడుగులు వేసి ఆగేవాడు. వెనక్కి తిరిగి చూసి, కొంచెం నిలిచి, మళ్ళీ కదిలేవాడు.

చెరుకు ట్రాక్టరు ఒకటి దూరం నుంచి వచ్చి ఆయన వెనక కొంత ఎడంలో హారన్ కొట్టింది.

"ఓ పెద్దమనిషీ, జరుగు!" అని డ్రైవరు అరిచాడు.

కాక తిరిగి చూసి చెయ్యెత్తాడు. "ఆగు బిడ్డా, ఎనుక మనుషులున్నరు."

డ్రైవరు తన ముందున్న ఖాళీ రోడ్డును చూశాడు. ఇంజను ఆపేశాడు.